వెండీ అనే పేరు పుట్టి, పెరిగి, పలచబడిన కథ

1904 డిసెంబరు 27న లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో ఒక కొత్త నాటకం మొదలైంది. దాని పేరు ‘పీటర్ పాన్’. ఎన్నటికీ పెద్దవాడు కాని ఒక కుర్రవాడు రాత్రిపూట ఎగురుకుంటూ వచ్చి, ముగ్గురు తోబుట్టువులను తనతో నెవర్‌లాండ్ అనే దీవికి తీసుకుపోయే కథ అది. ఆ ముగ్గురిలో పెద్దది ఆడపిల్ల. పేరు వెండీ. మన ఇళ్ళలో ఉండే లోహం కాదు, చివర దీర్ఘం ఉన్న వెండీ. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్ళలో అంతకుముందు ఆ పేరుగల పిల్లను చూసినవాళ్ళు ఉన్నారనుకోవడం కష్టం. అరవై ఏళ్ళు తిరిగేసరికి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బడిలో హాజరు పిలిస్తే వెండీ అన్న పేరు మామూలుగా వినిపించేది. మరో అరవై ఏళ్ళు గడిచాయి. ఆ దేశాల్లో ఇప్పుడు పుడుతున్న పసిపిల్లల్లో వెండీలు మళ్ళీ కరువయ్యారు.

పేర్ల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఇటువంటి పేరు దొరకడం అరుదు. లక్ష్మి, సీత, మేరీ, ఎలిజబెత్ లాంటి పేర్లను ఎవరు ముందు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేరు. వెండీ విషయంలో ఆ పేరును జనంలోకి తెచ్చిన రచయిత ఎవరో తెలుసు, దానికి కారణమైన పసిపిల్ల ఎవరో కూడా తెలుసు. ఆ తర్వాత ఆ పేరు ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది అన్నది రెండు దేశాల ప్రభుత్వ జాబితాల్లో కనిపిస్తుంది.

ముందు ఆ కాలపు ఇంగ్లండు సంగతి. 1904లో ఇంగ్లండు, వేల్స్‌లలో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టిన పేర్లలో మేరీ మొదటిది. దాని వెనకే ఫ్లోరెన్స్, డోరిస్ ఉన్నాయి. మార్గరెట్ కూడా పైవరసలోనే ఉంది. అమ్మమ్మ పేరో, నాయనమ్మ పేరో, బైబిల్లోని పేరో, రాణిగారి పేరో పెట్టడం అక్కడి ఆనవాయితీ. నాటకంలో వెండీ తల్లి పేరు మేరీయే. తల్లికి దేశంలోకెల్లా మామూలు పేరు పెట్టిన రచయిత, కూతురికి మాత్రం ఎవరూ పిలవని పేరు పెట్టాడు. ఆ రచయిత జేమ్స్ మాథ్యూ బారీ. స్కాట్లండులోని కిరిమ్యూర్ అనే చిన్న ఊళ్ళో 1860లో పుట్టి, లండన్ చేరి, పత్రికల్లో రాస్తూ పేరు తెచ్చుకున్నవాడు.

బారీకి లండన్‌లో దొరికిన స్నేహితుల్లో విలియం ఎర్నెస్ట్ హెన్లీ ఒకడు. కవి, పత్రికా సంపాదకుడు. ‘ఇన్విక్టస్’ అనే చిన్న పద్యం రాసింది ఆయనే. నెల్సన్ మండేలా చెరసాలలో ఉండగా చదువుకున్న పద్యంగా మనవాళ్ళలో చాలామందికి దాని పేరు తెలుసు. క్షయ ఎముకలకు పాకడం వల్ల హెన్లీకి మోకాలి కింద ఒక కాలు తీసేశారు. అయినా ఆయనది గంభీరమైన విగ్రహం, పెద్ద గొంతు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆయన్ని చూసే ‘ట్రెజర్ ఐలాండ్’లోని ఒంటికాలి దొంగ లాంగ్ జాన్ సిల్వర్‌ను మలిచాడు. ఆ సంగతి స్టీవెన్సన్ స్వయంగా హెన్లీకి ఉత్తరంలో రాశాడు. నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’ చదివి పెరిగిన తెలుగువాళ్ళకి ఆ దొంగ పాత పరిచయస్తుడే.

ఆ హెన్లీకి ఒక్కగానొక్క కూతురు. పేరు మార్గరెట్. 1888లో పుట్టింది. ఇంటికి వచ్చే బారీ అంటే ఆ పిల్లకి ప్రాణం. ఆయన్ని ‘మై ఫ్రెండీ’ అని, నా నేస్తం అని పిలవాలని దాని తాపత్రయం. కానీ ఇంకా రకారం నోరు తిరగని వయసు. ఫ్రెండీ కాస్తా ‘ఫ్వెండీ’ అయింది, ఆ ఫ్వెండీలోంచి ‘వెండీ’ ఊడిపడింది. ఇలాంటి ముద్దుమాటలు ప్రతి ఇంట్లోనూ పుడతాయి, పిల్లలు పెద్దయ్యాక వాటిని తలుచుకుని నవ్వుకుంటారు. మార్గరెట్‌కి ఆ వయసు రాలేదు. మెదడు పొరలకు వాపు వచ్చి 1894 ఫిబ్రవరిలో చనిపోయింది. అప్పటికి దానికి అయిదేళ్ళు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని కొకేన్ హ్యాట్లీ అనే పల్లె చర్చి ఆవరణలో సమాధి చేశారు.

బారీ ఆ పిల్లను మరచిపోలేదు. రెండేళ్ళ తర్వాత, 1896లో వచ్చిన ‘సెంటిమెంటల్ టామీ’ అనే నవలలో రెడ్డీ అనే చిన్నపిల్ల పాత్రను మార్గరెట్‌ను తలుచుకునే రాశాడు. మార్గరెట్ పోయిన పదేళ్ళకు ‘పీటర్ పాన్’ నాటకంలో ఆ పిల్ల నోటి మాటనే కథానాయికకు పేరుగా పెట్టాడు. బారీ చిన్నతనంలోనే ఆయన అన్న డేవిడ్ పద్నాలుగేళ్ళు నిండకుండా మంచు మీద జారే ఆటలో ప్రమాదం జరిగి చనిపోయాడు. తల్లి మనసులో ఆ కొడుకు ఎప్పటికీ చిన్నవాడుగానే ఉండిపోయాడు. పెరగని పిల్లవాడి కథ రాసినవాడు, పెరగకుండా పోయిన పిల్ల మాటను అందులో దాచడం యాదృచ్ఛికం అనిపించదు. నాటకాన్ని ఆయన 1911లో నవలగా మార్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘పీటర్ అండ్ వెండీ’. శీర్షికలో పిల్ల పేరు కూడా చేరింది.

ఇక్కడ ఒక దురభిప్రాయాన్ని సరిచేయాలి. వెండీ అనే పేరును బారీయే సృష్టించాడని చాలాచోట్ల రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. పందొమ్మిదో శతాబ్దపు రికార్డుల్లో ఆ పేరు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది. వేల్స్‌లో గ్వెండొలెన్ అనే పాత పేరు ఉంది, దానికి కూడా వెండీ ముద్దుపేరుగా ఒదుగుతుంది. స్కాట్లండు స్వాతంత్ర్యం కోసం జీవితమంతా పోరాడిన వెండీ వుడ్ అసలు పేరు గ్వెండొలీనే. కాబట్టి బారీ చేసింది సృష్టి అనడం కంటే, ఎవరికీ పట్టని పేరుకు ఒక ముఖమూ ఒక కథా ఇవ్వడం అనాలి. పేరు చెలామణి కావడానికి కావలసింది కూడా అదే.

నాటకం మొదటి రోజునుంచీ విజయం సాధించింది. దశాబ్దాల పాటు ఏటా క్రిస్మస్ రోజుల్లో లండన్‌లో దాన్ని మళ్ళీ మళ్ళీ ఆడారు. మరి పేరు కూడా మర్నాటినుంచే ఊరంతా పాకిందా అంటే, లేదు. మొదటి ఇరవై ఏళ్ళలో చాలా కొద్దిమందే తమ పాపలకు వెండీ అని పెట్టారు. వాళ్ళలో ఒకరు చెషైర్‌లో నూలు మిల్లు వ్యాపారం చేసే హిల్లర్ కుటుంబం. 1912లో వాళ్ళకు పుట్టిన పాప తర్వాత కాలంలో నటి అయింది. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ 1938లో సినిమాగా వచ్చినప్పుడు అందులో పూలమ్మే ఎలైజా పాత్ర ఆమెదే. 1958 నాటి ‘సెపరేట్ టేబుల్స్’కి ఆస్కార్ బహుమతి అందుకుంది. వెండీ హిల్లర్ పూర్తి పేరు వెండీ మార్గరెట్ హిల్లర్. హెన్లీ కూతురి అసలు పేరూ, ఆ పిల్ల నోటి మాటా ఆమె పేరులో పక్కపక్కన చేరాయి. అదే 1912లో హాంకాంగ్‌లో పుట్టిన మరో నటి, బారీ మీది గౌరవంతో ఇంటిపేరు కూడా మార్చుకుని వెండీ బారీగా తెర మీదికి వచ్చింది.

క్రిస్మస్‌కి పిల్లల్ని లండన్ తీసుకెళ్ళి నాటకం చూపించగల స్తోమత అప్పట్లో అందరికీ ఉండేది కాదు. తొలి వెండీలు ఆ స్తోమత ఉన్న ఇళ్ళలోనే ఎక్కువగా పుట్టి ఉంటారు. ఆ తర్వాత జరిగిందే గమనించవలసిన విషయం. ఆరేడేళ్ళ వయసులో ఆ నాటకం చూసిన ఆడపిల్లలు, ఆ పుస్తకాన్ని రాత్రి పడుకోబోయే ముందు తల్లి చదవగా విన్న పిల్లలు, 1930లు వచ్చేసరికి తామే తల్లులయ్యారు. పేరు అప్పుడు ఊపందుకుంది. ప్రతి పదేళ్ళకూ ఒక ఏడాది చొప్పున ఇంగ్లండు ప్రభుత్వం విడుదల చేసిన పాత జాబితాల్లో 1904లో వెండీ ఊసే లేదు. 1964 జాబితాకి వచ్చేసరికి మొదటి 50 పేర్లలో నిక్షేపంగా ఉంది. పెద్దవాళ్ళు చూసి మెచ్చుకున్న పేరు అంత దూరం పోదు. పసితనంలో మనసుకు పట్టిన పేరు మాత్రం పాతికేళ్ళు లోపలే ఉండి, సొంత బిడ్డ ఒళ్ళోకి వచ్చినప్పుడు బయటికి వస్తుంది. వెండీ చరిత్రలో అన్నిటికంటే విలువైన పాఠం ఈ ఆలస్యమే అనిపిస్తుంది.

అమెరికాలో లెక్కలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. అక్కడి సామాజిక భద్రతా శాఖ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్లను ఏడాదివారీగా వరస కట్టి ప్రకటిస్తుంది. ఏడాదికి అయిదుగురి కంటే తక్కువమందికి పెట్టిన పేరైతే ఆ కుటుంబాల గోప్యత కోసం జాబితాలో చూపరు. ఆ వరసలో మొదటి వెయ్యి పేర్లలోకి వెండీ 1930ల మధ్యలో అడుగుపెట్టింది. నాటకం న్యూయార్క్‌కి 1905లోనే వెళ్ళింది, 1924లో మూకీ సినిమా వచ్చింది, అయినా ఇంత కాలం పట్టింది. 1953లో డిస్నీ బొమ్మల సినిమా వచ్చింది. 1955 మార్చిలో మేరీ మార్టిన్ పీటర్‌గా నటించిన సంగీత రూపకాన్ని టెలివిజన్‌లో చూపిస్తే సుమారు ఆరున్నర కోట్లమంది చూశారని అంచనా. ఆ రెంటినీ చూసిన పిల్లల్లో పెద్దవాళ్ళు 1970కి పెళ్ళీడు దాటి తల్లిదండ్రులవుతున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా మొత్తం మీద మొదటి 30 ఆడపేర్లలో వెండీ ఒకటయింది. 1975లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ‘బార్న్ టు రన్’ పాటలో ప్రియురాలిని ఆ పేరుతోనే పిలిచాడంటే, అప్పటికి అది పక్కింటి అమ్మాయి పేరు అయిపోయిందన్నమాట.

అయితే అంతా పీటర్ పాన్ మహిమే అనుకుంటే పొరపాటు. హార్వర్డ్ సమాజశాస్త్రవేత్త స్టాన్లీ లీబర్సన్ 2000లో ‘ఎ మ్యాటర్ ఆఫ్ టేస్ట్’ అనే పుస్తకంలో పేర్ల ఫ్యాషన్‌ను లోతుగా పరిశీలించాడు. దుస్తులు, కార్ల ఫ్యాషన్ల వెనక వ్యాపారులు ఉంటారు, ప్రకటనలు ఉంటాయి. పేరుకి ఎవరూ ప్రకటన ఇవ్వరు, ఎవరూ లాభపడరు, అయినా అభిరుచి అలలా మారుతుంది. అందుకే అభిరుచి ఎలా మారుతుందో తెలుసుకోవడానికి పేర్లు మంచి దారి అని ఆయన వాదన. సినిమావల్ల పెరిగిందనుకునే పేరు చాలాసార్లు అంతకుముందే పెరగడం మొదలుపెట్టి ఉంటుందని కూడా ఆయన చూపించాడు. వెండీకి ఇది బాగా వర్తిస్తుంది. జూడీ, శాండీ, సిండీ, మాండీ, ట్రేసీ, ఇవన్నీ ఇంచుమించు ఒకే కాలపు పేర్లు. రెండే అక్షరాలు, చివర ఈకారం, నోటికి తేలిక. చెవులు అటువంటి చప్పుడుకు అలవాటుపడిన రోజుల్లో వెండీ కొత్తగానూ ఉంది, పరాయిగానూ లేదు. బారీ కథ దానికి పునాది వేస్తే, ఆ ఈకారపు గాలి దాన్ని పైకి లేపింది.

పసిపిల్ల నోరు తిరగకపోవడం వల్ల ఈ పేరు మరొకసారి పుట్టింది. 1969లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో డేవ్ థామస్ అనే ఆయన హాంబర్గర్ల దుకాణం తెరిచాడు. ఆయన కూతురు మెలిండా చిన్నప్పుడు తన పేరు తాను పలకలేక వెండా అనో వెండీ అనో అనేది. ఇంట్లోవాళ్ళు వెండీ అని పిలవసాగారు. తండ్రి దుకాణానికి ఆ పేరే పెట్టి, ఎర్రజడల పిల్ల బొమ్మను గుర్తుగా తగిలించాడు. ఈ రోజు ప్రపంచంలో వెండీ అనే పేరు చదివినవాళ్ళలో చాలామంది ఆ బోర్డు మీదనే చదివి ఉంటారు. లండన్‌లో ఒక పాపకి రకారం పలకలేదు, కొలంబస్‌లో ఇంకో పాపకి సొంత పేరే పలకలేదు. ఇద్దరి నోటా వచ్చింది అదే మాట.

ఈ నిదానపు ప్రయాణాన్ని మన కాలపు వేగంతో పోల్చి చూడవచ్చు. 2000లో అమెరికాలో ఒక రాక్ గాయకుడు టెలివిజన్ కార్యక్రమంలో తన పాపను చూపిస్తూ పేరు నెవేయా అన్నాడు. స్వర్గం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట హెవెన్ అక్షరాలను తిరగేస్తే వచ్చే పేరు అది. 1999లో ఆ పేరుతో అమెరికాలో నమోదైన పిల్లలు 8 మంది. 2001లో వెయ్యికి పైగా ఉన్నారు. 2010 నాటికి మొదటి 25 పేర్లలో చేరింది. వెండీకి 60 ఏళ్ళకు పైగా పట్టిన దారిని అది పదేళ్ళలో దాటింది. ఇక్కడ తరం మారవలసిన పని లేదు, టెలివిజన్ చూసిన తల్లే ఆ ఏడు పుట్టిన బిడ్డకు పెట్టేసింది. ఇంత తొందరగా ఎక్కిన పేరు తొందరగానే దిగుతుంది. నెవేయా ఆ తర్వాత జారుతూనే వస్తోంది.

రంగస్థలం ఒక ఆడపిల్ల పేరును ఇంటింటికీ చేర్చడం తెలుగువాళ్ళకూ తెలిసిన సంగతే. బలరాముడి కూతురు శశిరేఖ పేరు వ్యాసభారతంలో లేదు, అభిమన్యుడితో ఆమె పెళ్ళీ లేదు. అది జనం అల్లుకున్న కథ. అదే కథ తమిళులూ మరాఠీలూ చెప్పుకునేటప్పుడు ఆ పిల్ల వత్సల. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి సమాజం వాళ్ళు ‘మాయాబజార్’ ఆడి ఆ పిల్లను పల్లెపల్లెకూ తీసుకెళ్ళారు, 1957లో సావిత్రి తెర మీద ఆమెకు రూపం ఇచ్చింది. తెలుగునాట ఆడపిల్లకు శశిరేఖ అని పేరు పెట్టిన ఇళ్ళకు పురాణం కంటే నాటకమే దగ్గర. పుట్టిన పిల్లల పేర్లను లెక్కగట్టి ఏటా వరస ప్రకటించే పద్ధతి మన దగ్గర లేదు కాబట్టి ఆ పేరు ఏ దశకంలో ఎక్కువయిందో అంకెల్లో చెప్పుకునే వీలు లేదు. ఉంటే ఎంత బాగుండును! మన జనన రిజిస్టర్లలో నవలలూ సినిమాలూ ఉద్యమాలూ ఎన్ని ఆనవాళ్ళు వదిలాయో బయటపడేది.

వెండీ తగ్గుముఖం పట్టడానికి పెద్ద కారణం వెతకనక్కరలేదు. పేరు పలికిన గొంతు వయసు పేరుకి కూడా అంటుకుంటుంది. సంస్కృత పండితురాలు వెండీ డోనిగర్ 1940లో పుట్టింది. ఇంగ్లీషు కవయిత్రి వెండీ కోప్ 1945లో, న్యూయార్క్ నాటక రచయిత్రి వెండీ వాసర్‌స్టైన్ 1950లో. పేరున్న వెండీలు ఎక్కువగా ఆ రెండు మూడు దశాబ్దాలవాళ్ళే. 1990ల్లో తల్లి కాబోయే అమ్మాయికి వెండీ అంటే టీచరమ్మ, పిన్ని, ఆఫీసులో పై అధికారి. పొత్తిళ్ళలోని పసికందుకు ఆ పేరు అతకనట్టు అనిపిస్తుంది. అమెరికాలో ఇటీవలి జాబితాల్లో మొదటి 500 పేర్లలో వెండీ లేదు. ఇంగ్లండులో ఈ శతాబ్దపు మొదటి 100 పేర్లలో ఎక్కడా కనిపించదు. ‘పీటర్ పాన్’ కథ మాత్రం పిల్లలకి ఇప్పటికీ ఇష్టమే. కథకి వయసు మీదపడలేదు, పేరుకి పడింది.

అరుదు అన్న మాటకే ఈ నూరేళ్ళలో కొలత మారిపోయింది. 1880లో అమెరికా రికార్డుల్లోని ఆడపిల్లల్లో నూటికి ఏడుగురు మేరీలే. ఇప్పుడు అక్కడ మొదటి స్థానంలో ఉన్న ఒలీవియా నూటికి ఒకరికి కూడా లేదు. అంటే ఈనాటి అతి సాధారణమైన పేరు కూడా ఆనాటి లెక్కలో అరుదైనదే. తమ పాప పేరు తరగతిలో ఇంకొకరికి ఉండకూడదని ప్రతి తల్లీ తండ్రీ కోరుకునే కాలం ఇది. 1904లో ఆ కోరిక విడ్డూరం. తొలి వెండీల తల్లిదండ్రులు నిజంగా ధైర్యవంతులు. బంధువులందరూ మేరీ, మార్గరెట్ అంటుంటే నాటకంలోంచి ఒక ముద్దుమాట తెచ్చి చర్చిలో నామకరణం చేయించారు.

ఈ కథలో మరొకటి చెప్పి తీరాలి. 1929లో బారీ ‘పీటర్ పాన్’ హక్కులన్నిటినీ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు. గ్రంథస్వామ్య గడువు ముగిసినప్పుడు, మాజీ ప్రధాని జేమ్స్ కలహాన్ చొరవతో 1988 చట్టంలో ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేశారు. బ్రిటన్‌లో ఆ నాటకం ఆడినా, పుస్తకం అచ్చయినా వచ్చే రాయల్టీ ఎప్పటికీ ఆ ఆసుపత్రికే చెందుతుంది. అయిదేళ్ళకే జబ్బుచేసి పోయిన పాప మాట ఉన్న నాటకం, జబ్బుచేసిన పిల్లల వైద్యానికి డబ్బు తెస్తోంది. బారీ అందుకే ఇచ్చాడని ఎక్కడా చెప్పలేదు. ఎంత వస్తుందో బయటపెట్టవద్దని మాత్రం కోరాడు, ఆసుపత్రి ఆ మాట నిలబెట్టుకుంటోంది.

ఇక వెండీ మళ్ళీ వస్తుందా? ఇంగ్లండు జాబితాలను చూసేవాళ్ళు ఒక సంగతి గమనించారు. 1904లో వెలిగి, తర్వాత ముసలమ్మల పేర్లుగా మిగిలిపోయిన ఫ్లోరెన్స్, ఎల్సీ, ఐవీ ఈ మధ్య పసిపిల్లల పేర్లుగా పైవరసకి తిరిగి వచ్చాయి. అమ్మమ్మ తరం దాటి, ముత్తవ్వ తరానికి చేరాక పేరుకి మళ్ళీ కొత్తదనం వస్తున్నట్టుంది. దానికి ఇంచుమించు నూరేళ్ళు పడుతోంది. వెండీతో పాటు పెరిగిన సూజన్, లిండా, కెరల్ ఇంకా ఆ గడువు దాటలేదు, వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. వెండీ బాగా పెరిగింది 1930ల నుంచి. ఆ లెక్కన దాని వంతు 2030ల తర్వాతే. అప్పటికి తల్లులు కాబోయే అమ్మాయిలు ఈ రోజు బడికి వెళ్తున్నారు. వాళ్ళలో ఎవరికైనా ‘పీటర్ పాన్’ ఎవరో చదివి వినిపిస్తూనే ఉంటారు.